పీఎఫ్ తీసి ఏర్పేడు వైపు సైటు కొనొచ్చా?

షిఫ్టు ఫిట్టర్, తిరుచానూరు:
నాకు 54 ఏళ్లు. కరకంబాడి దగ్గర ఫ్యాక్టరీలో 26 ఏళ్లుగా పని చేస్తున్నా. బేసిక్ 32 వేలు, పీఎఫ్‌లో 27 లక్షలున్నాయి. పోయిన ఆదివారం ఒక ఏజెంటు నన్నూ మా ఆవిడనూ కారులో తీసుకెళ్లి ఏర్పేడు రోడ్డులో వెంచర్ చూపించాడు. మొన్నటిదాకా శెనక్కాయ చేనే. హద్దు రాయి మీద చెయ్యి పెడితే పసుపు రంగు వేళ్లకు అంటింది. 50 అంకణాలు (మా వైపు స్థలం కొలత), అంకణం 40 వేలు, మొత్తం 20 లక్షలు. 'పీఎఫ్ అంతా వచ్చేస్తుంది సార్, ఐఐటీ ఇక్కడే, ఎయిర్‌పోర్టు అక్కడే' అంటాడు. తిరిగొచ్చేటప్పుడు సంగటి, నాటుకోడి కూడా పెట్టించాడు, అది మాత్రం బాగుంది. 58కి రిటైరయ్యాక పెన్షన్ ఐదు వేల చిల్లర వస్తుందట. ఏం చేయమంటారు?

రిటైర్డు క్లర్కు, చంద్రగిరి:
తమ్ముడూ, తొందరపడి అడ్వాన్సు ఇవ్వొద్దు. పాత నిబంధనలో సైటుకైతే 24 నెలల బేసిక్, డీఏ వరకే ఇచ్చేవాళ్లు. నీ లెక్కకు 7 లక్షల 68 వేలు. 2025 అక్టోబరులో పీఎఫ్ బోర్డు సడలించాలని నిర్ణయించింది గానీ, అందులోనూ 25 శాతం ఖాతాలో ఉంచాల్సిందే. నీకెంత వస్తుందో పీఎఫ్ పోర్టల్‌లో చూసుకో, ఏజెంటు నోటితో కాదు.

నా సంగతి చెప్తా. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో 40 అంకణాలు కొన్నా. రిజిస్ట్రేషన్ సాఫీగానే అయింది. కూతురి పెళ్లికి అమ్ముదామని వెళ్తే, ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందన్నారు. అసలది డీకేటీ భూమట, అంటే ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన భూమి. ఎమ్మార్వో ఆఫీసు బెంచీ మీద నేను కూర్చున్న రోజులకు లెక్క లేదు. పెళ్లి అప్పుతోనే చేశాం. ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) ఏమీ లేదని మురిసిపోవద్దు, ఈసీ డీకేటీ సంగతి చెప్పదు. వన్‌బీ, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు, 22ఏ జాబితా, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్‌కు ఇచ్చే ఎల్పీ అనుమతి నంబరు, అన్నీ నువ్వే చూడు.

లెక్కల పంతులు, పాకాల:
2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. అదే రేటు సాగితే, తీయకుండా ఉంచిన 20 లక్షలు నాలుగేళ్లకు 27 లక్షలు దాటుతాయి. అంటే అప్పటికి అంకణం 55 వేలు పలికితేనే మీకు సమానం. అందులో రిజిస్ట్రేషన్ ఖర్చు కలపలేదు, అది మన రాష్ట్రంలో ఏడున్నర శాతం. పైగా ఖాళీ సైటు నెలకు రూపాయి ఇవ్వదు.

చిన్నకోడలు, రేణిగుంట:
అందరూ భయపెడుతున్నారు గానీ, మా మామగారు అప్పట్లో పీఎఫ్ తీసి కొన్న సైటులోనే ఇప్పుడు మేముంటున్నాం. కాగితాలు బాగుంటే తప్పేముంది? కాకపోతే ఆయనకు అప్పుడు 40 ఏళ్లే, జీతం ఇంకా చాలా కాలం వచ్చింది.

షిఫ్టు ఫిట్టర్, తిరుచానూరు:
అందరికీ థాంక్స్. అన్నా, మీరు చెప్పినట్టే సర్వే నంబరు అడిగా. 'నమ్మకం లేదా సార్' అన్నాడు. రెండోసారి అడిగితే వాట్సాప్‌లో బ్రోషర్ బొమ్మ పంపాడు, మళ్లీ ఐఐటీ, ఎయిర్‌పోర్టు. నంబరు మాత్రం లేదు. దాంతో నా టెన్షన్ సగం తగ్గింది.

మా ఆవిడ ఇంకో మాట అంది. ఇల్లు ఆమె పేరు మీదే ఉంది, మేడ మీద ఒక గది, బాత్రూం వేసి చదువుకునే పిల్లలకు అద్దెకిద్దామంది. ఉన్న ఇంటి మార్పులకు పాత నిబంధనలో 12 నెలల బేసిక్ ఇచ్చేవాళ్లని మా హెచ్‌ఆర్‌లో చెప్పారు, అంటే 3 లక్షల 84 వేలు. మేస్త్రి శనివారం వచ్చి పిల్లర్లు చూస్తానన్నాడు.