బడి చుట్టూ ఉన్న చెట్లలో ఏడాది పొడవునా వచ్చే మార్పులు రాసుకోవడం ఎలా? (వేప, కానుగ, మోదుగ, తంగేడు)

చెరువుగట్టు_పెద్దపల్లి:
అందరికీ నమస్తే. మా బడిలో ఆరు, ఏడు తరగతుల పిల్లలతో ఈ ఫిబ్రవరి నుంచి ఏడాదంతా చెట్ల మార్పులు రాయించాలని ఉంది. బడి ఆవరణలో వేప, కానుగ, రావి ఉన్నాయి. చెరువు గట్టు మీద ఈత, తుమ్మ. ఊరి బయట గుట్ట మీద మోదుగ, తునికి, తంగేడు. ఏ చెట్లు తీసుకోవాలి, ఎన్నాళ్ళకోసారి చూడాలి, ఏమేం రాయాలి? "ఉగాదికి వేప పూసింది" అన్నంత వరకు రాస్తే సరిపోతుందా? బైనాక్యులర్ ఒక్కటే ఉంది.

కానుగనీడ:
సార్, చెట్టు ఎంపిక దగ్గరే సగం పని తేలిపోతుంది. ఒక్కో జాతికి కనీసం మూడు చెట్లు పెట్టుకోండి. ఒక్కటే ఉంటే, కనిపించిన తేడా ఆ చెట్టు గుణమో ఆ ఏటి వాతావరణమో తేల్చలేరు. ఇదివరకు పూసి కాసిన ముదురు చెట్టే కావాలి. బోరు నీళ్ళు పారే చోట, మురుగు కాలువ పక్కన ఉన్నది వద్దు. అక్కడ నేల ఎండదు, ఆకు రాలే సమయం మారిపోతుంది. కరెంటు తీగల కిందది అసలే వద్దు. కొమ్మలు కొట్టాక కాలం కాని కాలంలో చిగురు వేస్తుంది, దాన్ని రుతువు లెక్కలో వేయలేం. తునికిదీ ఇదే ఇబ్బంది. బీడీ ఆకు కోసం ఫిబ్రవరి, మార్చిలో పొదలు కొట్టేస్తారు కాబట్టి, కొట్టని పెద్ద తునికి దొరికితేనే పట్టికలో పెట్టండి.

వారానికోసారి, ఒకే రోజున చూడాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం వారానికి రెండుసార్లు. కానుగ ఆకు రాల్చి మళ్ళీ నిగనిగలాడే చిగురు తొడగడం చాలా త్వరగా అయిపోతుంది. ఒక్క వారం తప్పినా మోడుగా ఉన్న దశ మీ పట్టికలో ఉండదు.

ప్రతి చెట్టుకూ ఏడు గడులు చాలు: లేతాకు, ముదురాకు, పండుటాకు, మొగ్గ, విచ్చిన పువ్వు, పచ్చికాయ, పండు. గడిలో 0, 1, 2 తప్ప వేరేవి రాయించకండి. ఏమీ లేకపోతే 0, చెట్టు గుబురులో మూడో వంతు లోపు ఉంటే 1, అంతకు మించితే 2. సీజన్‌వాచ్ అని దేశమంతటా చెట్లను గమనించే కార్యక్రమం ఉంది, అక్కడా ఇంచుమించు ఇదే పద్ధతి. పిల్లల లెక్కలు అందులోనూ చేర్చవచ్చు. శాతాలు మాత్రం వద్దు. ఒకే చెట్టుకు ఒకరు 40 అంటారు, ఇంకొకరు 65 అంటారు. 0 రాయడం ఎప్పుడూ మానకూడదు. గడి ఖాళీగా ఉంటే పూలు లేవనా, ఆ వారం చూడలేదనా? ఏడాది పోయాక ఎవరూ చెప్పలేరు.

చెట్టు పైకి చూసి రాయాలి, నేల చూసి కాదు. కింద పరుచుకున్న మోదుగ పూలు చూసి 2 వేస్తారు, పైన అప్పటికే సగం కాయలు దిగి ఉంటాయి. మోదుగ మొగ్గ ముదురు గోధుమ రంగులో నూగుతో ఉంటుంది, దూరానికి నల్లగా కనబడి ఎండిన కాయేమో అనిపిస్తుంది. మీ బైనాక్యులర్ అక్కడ వాడండి. కానుగ ఆకుల మీద లేచే బుడిపెలు నల్లి వల్ల వచ్చేవి, కాయలు కావు. రావికి మొగ్గ, పువ్వు గడులు కొట్టేయండి. దాని పూలు కాయ లోపలే ఉంటాయి.

కార్తె_లెక్క:
ఉగాదితో కొలవొద్దు సార్. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. ఆ ఏడు అధిక శ్రావణం పడటంతో 2024లో ఏప్రిల్ 9కి జరిగింది. 2025లో మళ్ళీ మార్చి 30. 2023, 2024 రెండేళ్ళూ వేప ఒకే తేదీన పూసినా, ఉగాదితో పోల్చి రాస్తే 18 రోజులు అటూ ఇటూ అయినట్టు కనిపిస్తుంది. కార్తెలు అలా కావు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె కాబట్టి ఏటా అదే తేదీల దగ్గర వస్తాయి: రోహిణి మే 25, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో. మొత్తం 27, ఒక్కోటి 13, 14 రోజులు. తేదీ రాసి, పక్కన కార్తె రాయించండి. ఇంట్లో తాతలు, అవ్వలు చెప్పే మాటలతో పిల్లలు సరిచూసుకోగలుగుతారు.

వాన కూడా కొలవాలి, లేకపోతే సగం మార్పులకు కారణం దొరకదు. ఆరుద్ర పురుగులు మొదట పడే గట్టి వానలకు చల్క నేలల్లో పైకి వస్తాయి, కొద్ది రోజులే కనబడతాయి. వాన వెనకబడితే అవీ వెనకబడతాయి. నోరూ అడుగూ ఒకే వెడల్పు ఉన్న నిలువు గోడల డబ్బా తీసుకుని, చెట్లకూ గోడలకూ దూరంగా పెట్టండి. ఉదయం 8:30కి స్కేలుతో లోతు కొలిచి పారబోయండి. వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే, 2.5 మి.మీ. పడితేనే వాళ్ళు వాన రోజు అంటారు. సీసా కోసి చేస్తే అడుగు వంపుల్లో చిన్న వానల లెక్క తప్పుతుంది. ఆ వంపులు మునిగేదాకా ముందే నీళ్ళు పోసి, అక్కడ 0 గీత గీయండి.

చెరువుగట్టు_పెద్దపల్లి:
చాలా ఉపయోగపడింది అన్నా. ఒక సందేహం: మా దగ్గర కొన్ని వేపలకు దసరా రోజుల్లో కొమ్మల చివర్లు గోధుమ రంగుకు మాడిపోతున్నాయి. అది పండుటాకు గడిలో వేయాలా?

ఆకుతెగులు_చూసేవాణ్ణి:
వేయకండి, అది రోగం. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు, దానికి తోడు టీ దోమ లేత కొమ్మల రసం పీల్చడం. 2021లో తెలంగాణలో చాలా జిల్లాల్లో వేపలు ఇలాగే కనిపించాయి. వానల కాలంలో మొదలై చలికాలం దాకా కనబడుతుంది. వేప తనంతట తాను ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడు ఆకు పసుపు తిరిగి సులువుగా రాలుతుంది, కొమ్మ పచ్చిగానే ఉంటుంది. తెగులు అయితే చివరి నుంచి లోపలికి ఎండుకొస్తుంది, ఆకులు మాడి కొమ్మకే వేలాడతాయి, గోటితో గీరితే బెరడు కింద పచ్చదనం ఉండదు. "ఎండిన చివర్లు" అని వేరే గడి పెట్టి అదే 0, 1, 2 వేయండి. మరుసటి వేసవిలో పూత తగ్గితే వాన మీదికి నెట్టకుండా ఈ గడి చూడాలి. చెట్టు చచ్చిందని ఎవరైనా నరకబోతే ఆపండి సార్, ఇలాంటి చెట్లు చాలావరకు ఎండాకాలం మొదట్లో మళ్ళీ చిగురిస్తాయి.

గిజిగాడు:
తంగేడుకు తొలి పువ్వు తేదీ వెతకొద్దు, ఏడాది పొడవునా ఎక్కడో ఒక కొమ్మ పూస్తూనే ఉంటుంది. వానల తర్వాత 2 పడిన మొదటి వారం రాయండి. బతుకమ్మ రోజుల్లో గుట్ట మీద పూలన్నీ కోసుకుపోతారు కాబట్టి ఎంగిలిపూల ముందే చూడాలి. కోశాక 0 అని కాకుండా "కోశారు" అని ఉండాలి.

పక్షుల్లో మీకు రెండు చాలు. కోయిల చలికాలంలోనూ అక్కడే ఉంటుంది, కూయదంతే. తొలి కూత తేదీ రాయండి, రోజూ ఒకే వేళ ఓ పది నిమిషాలు విని. రెండోది గట్టు మీది ఈత చెట్లలో గిజిగాడి గూళ్ళు. మగపిట్ట గూడు సగం దాకా అల్లి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి ఒప్పుకున్నాకే కింది గొట్టం కడుతుంది. అందుకని సగం గూళ్ళు, గొట్టం ఉన్నవి విడిగా లెక్కపెట్టించండి. పాత గూళ్ళు ఏడాదంతా వేలాడతాయి, వాటిని వానలకు ముందే లెక్కపెట్టి పెట్టుకోండి. పచ్చి గడ్డి రంగులో ఉన్నదే కొత్తది.