టేబుల్ సాకి కొత్త బ్లేడు: ఏది కొనాలి?

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, డాలస్ వచ్చి కొద్ది నెలలే అయింది. పూజా మందిరం సొంతంగా చేసుకుందామని చవకలో పది అంగుళాల టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకొచ్చే మిషను) కొన్నాను. దాంతో పాటు వచ్చిన బ్లేడుతో ప్లైవుడ్డు కోస్తే అంచులు పెచ్చులు లేచిపోతున్నాయి, పైన్ చెక్క నిలువునా కోస్తే నల్లగా మాడుతోంది. షాపుకెళ్తే గోడ నిండా బ్లేడులే, 24 పళ్ళు, 40, 60, 80. వచ్చే నెల అమ్మావాళ్ళు వస్తున్నారు, రాజమండ్రిలో కొనిపించి తెప్పించుకోనా?

రాజోలు, ప్రస్తుతం ఒహాయో:
తమ్ముడూ, అక్కడినుంచి మాత్రం తెప్పించకు. మన దగ్గర దొరికే పది అంగుళాల బ్లేడులకి నడిమి కన్నం ఎక్కువగా 25.4 మిల్లీమీటర్లో 30 మిల్లీమీటర్లో ఉంటుంది, ఇక్కడి మిషను ఇరుసు 5/8 అంగుళం, అంటే 16 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. రింగు వేసి సర్దేయొచ్చని ఎవరన్నా వినకు. నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరిగే వస్తువది.

ఇక అసలు సంగతి. నీ బ్లేడు మీద పళ్ళు లెక్కపెట్టు. ఇలాంటి మిషన్లతో సాధారణంగా 24 పళ్ళదే ఇస్తారు. అది నిలువు కోతకి చేసిన బ్లేడే, పళ్ళు తక్కువ, పళ్ళ మధ్య సందులు పెద్దవి, పొట్టు సులువుగా బయటికి పోతుంది. ప్లైవుడ్డు పెచ్చులు లేవడం దాని స్వభావం, కానీ నిలువు కోతలో కూడా మాడుతోందంటే తప్పు బ్లేడుది కాకపోవచ్చు. డబ్బులు పెట్టే ముందు ఇది చూడు. ప్లగ్గు పీకెయ్. బ్లేడు పూర్తిగా పైకి లేపి, ఒక పన్ను మీద మార్కర్‌తో గుర్తు పెట్టి, బల్ల మీది మైటర్ గాడి (బ్లేడు పక్కన ముందునుంచి వెనక్కి పొడవుగా ఉండే గాడి) నుంచి ఆ పన్నుకి ముందువైపు ఎంత దూరముందో కొలు. చేత్తో బ్లేడు తిప్పి అదే పన్నుని వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ కొలు. రెండూ ఒకటే ఉండాలి. తర్వాత ఫెన్సు (చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ) కూడా ఆ గాడికి సమాంతరంగా ఉందో లేదో చూడు. ఫెన్సు వెనక కొస బ్లేడు వైపు వాలి ఉంటే చెక్క నలిగి మాడుతుంది, అంతకంటే ముఖ్యం, చెక్కని నీ మీదకి విసిరికొడుతుంది. చవక మిషన్లలో ఇది చాలా మామూలు, సరిచేసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది.

అది సరిచేశాక, ఒక్కటే కొనేట్టయితే 40 పళ్ళ థిన్ కెర్ఫ్ (సన్న కోత) బ్లేడు తీసుకో. మామూలుది 1/8 అంగుళం చెక్కని పొట్టు చేస్తుంది, ఇది 3/32 అంగుళమే. 120 వోల్టుల ప్లగ్గు మీద నడిచే 15 ఆంపుల మోటారుకి ఆ తేడా బాగా తెలుస్తుంది. కొనే ముందు బ్లేడు వెనకున్న రైవింగ్ నైఫ్ (కోసిన సందు మళ్ళీ మూసుకుపోకుండా ఆపే రేకు) మందం చూసుకో, దాని మీదే ముద్ర ఉంటుంది. బ్లేడు కోత దానికంటే వెడల్పు ఉండాలి, బ్లేడు రేకు దానికంటే పల్చగా ఉండాలి. ఇది కుదరకపోతే చెక్క మధ్యలో ఇరుక్కుంటుంది, అప్పుడు చిరాకేసి చాలామంది నైఫ్ పీకేస్తారు, ఆ పని మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. బ్లేడు మీద రాసిన వేగం మిషను వేగం కంటే ఎక్కువుండాలి. పాత బ్లేడు పారెయ్యకు, మందపాటి చెక్క నిలువునా కోయడానికి అదే వాడు.

భీమవరం, ప్రస్తుతం న్యూజెర్సీ:
అన్నయ్య గారు చెప్పిన 40 చాలు బాబూ. మందిరం మొత్తం వెనీర్ (పైన పల్చటి మంచి చెక్క పొర అంటించిన) ప్లైవుడ్డే అయితే మాత్రం 60 పళ్ళది కొనుక్కో, కానీ దాంతో మందపాటి చెక్క నిలువునా కోయకు, పొట్టు పోయే దారి లేక నిజంగానే మాడుతుంది. టేబుల్ సాలో ప్లైవుడ్డు మంచి ముఖం పైకి ఉండాలి, పెచ్చులు కిందివైపే ఎక్కువ లేస్తాయి. చేత్తో పట్టుకునే సర్క్యులర్ సాకి ఇది తిరగబడుతుంది, మంచి ముఖం కిందికి. కోసే గీత మీద మాస్కింగ్ టేపు గట్టిగా నొక్కి అంటించు.

నేను: అన్నయ్య గారూ, కొలిచానండి, ఫెన్సు వెనక బ్లేడు వైపు వాలే ఉంది. సరిచేశాక పాత బ్లేడుతోనే పైన్ మాడకుండా తెగింది! ప్లైవుడ్డు కోసం 40 పళ్ళది కొంటాను. దీనికి పదును తగ్గితే ఏం చేయాలండి?

తాళ్ళరేవు, ప్రస్తుతం టొరంటో:
మాది పడవలు కట్టే ఊరు బాబూ, అక్కడ మేస్త్రులు రంపానికి ఒక్కో పన్నూ ఆకురాయితో రాసుకునేవారు. దీనికి ఆకురాయి పెట్టకు. ఈ పళ్ళ కొసన కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం ముక్కలుంటాయి, డైమండ్ రాయితోనే అరుగుతాయి. మంచి బ్లేడైతే సాన పట్టే షాపుకి పంపొచ్చు, మరీ చవకదానికి ఆ ఖర్చు దండగ. కొనేటప్పుడే కార్బైడ్ ముక్క మందంగా ఉన్నది చూసుకో.

అయితే చాలాసార్లు పదును పోదు, జిగురు పడుతుంది. పైన్‌లో జిగురెక్కువ. పళ్ళ పక్కన గోధుమరంగు పట్టు కనిపిస్తే బ్లేడు విప్పి, గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు కలిపి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, వెంటనే తుడిచి ఆరబెట్టు, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. ఓవెన్ క్లీనర్ వద్దు, బ్లేడు కంపెనీలే వద్దంటాయి. మళ్ళీ బిగించేటప్పుడు పైనున్న పళ్ళు నువ్వు నిలబడే వైపు చూడాలి.

రాజోలు, ప్రస్తుతం ఒహాయో:
ఇంకొకటి తమ్ముడూ. చేతులకి గ్లౌజులు వేసుకుని కోయకు, బ్లేడు గుడ్డని పట్టిందంటే చేతిని కూడా లాగేస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకో, సన్న ముక్కలు తోసే కర్ర, అంటే పుష్ స్టిక్‌తోనే తొయ్యి, బ్లేడుకి ఎదురుగా కాకుండా కాస్త ఎడమకి జరిగి నిలబడు.