అవసరాల పత్రాల్లో ‘అది’ దేన్ని సూచిస్తోందో ప్రోగ్రాం గుర్తించేదెలా?

సాఫ్ట్‌వేర్ అవసరాల పత్రాల్లో (సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసే పత్రాలు) రెండు రకాలుగా అర్థమయ్యే వాక్యాలను పట్టుకునే ప్రోగ్రాం రాస్తున్నాను. ఒకచోట చిక్కుకుపోయాను. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపండి.

‘త్వరగా’, ‘తగినంత’ లాంటి స్పష్టత లేని మాటలను పట్టుకోవడానికి ఒక జాబితా సరిపోయింది. తంటా అంతా సర్వనామాలతోనే. పత్రాలు ఇంగ్లిషులో ఉన్నాయి. ఒక వాక్యం భావం ఇది: ‘సర్వర్ క్లయింటుకు సందేశం పంపాక అది దాన్ని లాగ్‌లో నమోదు చేయాలి.’ నమోదు చేయాల్సింది సర్వరా, క్లయింటా? వాక్యాలను విశ్లేషించే స్పేసీ (spaCy) అనే లైబ్రరీతో పదాల మధ్య సంబంధాలు తెలుస్తున్నాయి గానీ ఈ సందేహం తీరడం లేదు.

బెర్ట్ (BERT) అనే భాషా మోడల్‌కు శిక్షణ ఇద్దామంటే తగిన డేటా దొరకలేదు. ప్రామిస్ (PROMISE) అనే అవసరాల సేకరణలోని 625 వాక్యాలకు ఉన్నవి అవసరం ఏ రకమో చెప్పే గుర్తులే (లేబుళ్లే). 2017 నాటి ప్యూర్ (PURE) అనే మరో సేకరణలో 79 అవసరాల పత్రాలు ఉన్నా, అస్పష్టతను సూచించే గుర్తులు లేవు. అందుకే నేనూ, మా సహోద్యోగీ విడివిడిగా గుర్తులు పెడుతున్నాం. చాలా వాక్యాల దగ్గర మా ఇద్దరి గుర్తులూ కలవడం లేదు.

మామూలుగా అయితే చర్చించి ఒక్క జవాబుకు వస్తారు. కానీ ఇక్కడ ఇద్దరు చెరోలా చదవడమే అస్పష్టతకు రుజువు కదా! ఆ భేదాన్నే గుర్తుగా తీసుకుని మోడల్‌కు నేర్పవచ్చా? అందుకు కనీసం ఎంతమంది చదవాలి?