హమ్ పోవాలంటే ఎర్త్ పిన్ తీసేయొచ్చా?

తీగలపిచ్చి:
కంప్యూటర్ నుంచి ఆంప్‌కి (ఆంప్లిఫయర్) ఆడియో కేబుల్ గుచ్చగానే స్పీకర్లలో గుంయ్‌మని హమ్ మొదలవుతుంది. ఆంప్‌ని ఎర్త్ కలవని రెండు పిన్నుల అడాప్టర్‌తో పెడితే పూర్తిగా మాయం. తెలిసినవాళ్లలో సగం మంది అలాగే వదిలేయమంటున్నారు, మిగతావాళ్లు తిడుతున్నారు. మీరేమంటారు?

పాతఆంప్:
వదిలేయండి. నాది ఎన్నో ఏళ్లుగా రెండు పిన్నుల మీదే నడుస్తోంది. ఫోన్ ఛార్జర్‌కి ఎర్త్ ఉందా? టీవీలు చాలావాటికి ఉందా? జనం బతకడం లేదా?

ఫ్యూజుకట్టు:
అన్నా, వాటిని డబుల్ ఇన్సులేషన్‌తో చేస్తారు. వెనకాల చదరంలో చదరం గుర్తు ఉంటుంది చూడండి. మూడు పిన్నులతో వచ్చిన ఇనప పెట్టె ఆంప్ అలా కాదు. లోపల ఫేజ్ వైరు ఊడి పెట్టెకు తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు ఒక్కసారిగా కరెంటు పారి ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటంతా మీ ఆడియో కేబుల్ మీది సన్నటి జాలీ గుండా కంప్యూటర్ ఎర్త్‌కి పోవాలి. జాలీ కాలిపోయినా, మీరు కేబుల్ పీకినా, పెట్టె 230 వోల్టుల మీద కూర్చుంటుంది. పాట మాత్రం ఆగకపోవచ్చు, అదే భయం.

పాతఆంప్:
ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) ఉంది కదా తమ్ముడూ, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడిపోతుంది.

ఫ్యూజుకట్టు:
పడుతుంది, కాదనను. కానీ ఎర్త్ ఉంటే ఎవరూ ముట్టుకోకముందే పడుతుంది. ఎర్త్ దారి లేకపోతే ఎవరో ముట్టుకుని, వాళ్ల ఒంట్లోంచి కరెంటు పారాకే పడుతుంది. ఆ టెస్టు మీరు చేయించుకుంటానంటే మీ ఇష్టం.

బేస్‌గిటార్:
గొడవ సరే, అసలు అది గ్రౌండ్ లూపేనా, అంటే రెండు పరికరాలు ఎర్త్ దగ్గరా, ఆడియో కేబుల్ దగ్గరా కలిసి కరెంటు తిరిగే చుట్టు ఏర్పడిందా అని ఎవరూ అడగరేంటి? ఆంప్‌కున్న ఇన్‌పుట్లన్నీ పీకేయండి. అప్పుడూ హమ్ ఉంటే తప్పు ఆంప్‌లోనే. పాతదైతే పవర్ సప్లై కెపాసిటర్లు అలసిపోయి ఉంటాయి, 50 హెర్ట్జ్ కరెంటుకి ఆ మోత 100 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. మౌస్ కదిపినప్పుడల్లా కీచుమంటే అది కంప్యూటర్ లోపలి రొద. గిటార్ తీగల మీద చెయ్యి వేయగానే హమ్ తగ్గితే షీల్డింగ్ (బయటి రొద లోపలికి రాకుండా ఆపే లోహపు తొడుగు) సంగతి చూడాలి, లూపు కాదు. ఎర్త్ తీయగానే పోయిందంటే మాత్రం తీగలపిచ్చి గారిది దాదాపు ఖాయంగా లూపే. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడండి. తగ్గకపోతే ఆడియో లైనులో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, రెండు వైపుల తీగలూ నేరుగా కలవకుండానే సిగ్నల్ దాటిస్తుంది. తెంపాల్సింది సిగ్నల్ వైపు, కరెంటు వైపు కాదు.

పాతఆంప్:
ఆ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు పెట్టి చూశాను. చవకరకంలో బేస్ చచ్చిపోతుంది. హమ్ పోగొట్టుకోవడానికి మృదంగం పోగొట్టుకోవాలా?

బేస్‌గిటార్:
అది నిజమే. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి లోహపు కోర్ చిన్నదైతే కింది స్వరాల దగ్గర చేతులెత్తేస్తుంది. ఆంప్‌కి ఆప్టికల్ ఇన్‌పుట్ (సిగ్నల్‌ని కాంతితో అందుకునేది) ఉంటే అదే వాడండి, ట్రాన్స్‌ఫార్మర్ జోలికే వెళ్లొద్దు. ఆప్టికల్ తీగలో కరెంటే పారదు, ఇక లూపు ఎక్కడిది?

తీగలపిచ్చి:
మూడు పిన్నుల ప్లగ్గు మళ్లీ పెట్టేశాను. ఆప్టికల్ లేదు. ఒకే బాక్సులో పెడితే తగ్గింది కానీ పోలేదు. తర్వాత కంప్యూటర్‌కి హెచ్‌డీఎంఐతో తగిలించిన టీవీ గుర్తొచ్చి, దాని వెనక కేబుల్ కనెక్షన్ వైరు పీకాను. టక్కున ఆగిపోయింది! మరి టీవీ ఎలా చూడాలి?

ఫ్యూజుకట్టు:
ఆ వైరు జాలీకి బయటెక్కడో వేరే ఎర్త్ ఉండి ఉంటుంది, లూపు అక్కడ కట్టుకుంది. వైరు మధ్యలో గాల్వానిక్ ఐసోలేటర్ అని చిన్న ముక్క పెట్టండి, బొమ్మ వస్తుంది, హమ్ రాదు. అయితే ఒక మాట: మీది కేబుల్ కాకుండా డిష్ అయితే మామూలు ఐసోలేటర్ పనికిరాదు. పైన గొడుగుకున్న ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే ముక్క) కరెంటు ఆ వైరులోనే వెళ్తుంది, ఐసోలేటర్ దాన్నీ ఆపేస్తుంది.

పాతఆంప్:
నాకు టీవీయే లేదు. నా హమ్‌కి ఏం పీకమంటారు?

బేస్‌గిటార్:
ముందు ఎర్త్ కలపండి. ఆ తర్వాత ఇన్‌పుట్లు ఒక్కొక్కటే పీకుతూ, ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయండి.