మాటల్లేని సినిమా కష్టాన్ని చూపిస్తుందా, కష్టాన్ని అందంగా మార్చేస్తుందా?

రాజోలు కుర్రాడు:
నిన్న రాత్రి ‘పొవాక్కాట్సీ’ చూశాను. 1988లో గాడ్‌ఫ్రే రెజియో తీసిన డాక్యుమెంటరీ. పాత బతుకుల మీదకి యంత్రాలు, నగరాలు ఎలా వచ్చిపడ్డాయో గంటన్నర పైన చూపిస్తాడు. ఎవరూ ఏమీ చెప్పరు, ఫిలిప్ గ్లాస్ సంగీతమే అంతా. మొదట్లోనే బ్రెజిల్‌లో సెర్రా పెలాడా బంగారు గని. ఒళ్లంతా బురదతో మనుషులు మట్టి మూటలు మోస్తూ గట్టెక్కుతుంటారు, అదీ స్లో మోషన్‌లో. పడిపోయిన ఒకణ్ణి మిగతావాళ్లు మోసుకుపోతారు. అతనికేమైందో చెప్పడు.

నాకు ఇది అన్యాయంగా అనిపించింది. మా అమ్మ ఇరవై ఏళ్లు నాట్లకెళ్లింది. చేలో వంగిన పదిమంది ఆడవాళ్లని గట్టు మీంచి తీస్తే ఎంతో అందంగా ఉంటుంది. నీళ్లలో నాని చెడిన కాలివేళ్ల సందులు, రాత్రి నడుముకి పెట్టుకునే కాపడం అందులో కనపడవు.

పాలకొల్లు మాస్టారు:
తమ్ముడూ, నేను ఒప్పుకోను. వెనక నుంచి ఎవరో చెబుతుంటే మనం వాళ్ల మాటే వింటాం, మనిషిని చూడం. పైగా రెజియో తను ఏ పక్షమో దాచుకోలేదు. ఆ సినిమా పేరు హోపీ అనే అమెరికా ఆదివాసుల భాషది, ఇతరుల ప్రాణశక్తిని తిని బతికే జీవనం అని అర్థం. చివర్లో తెర మీద వేస్తాడు కదా!

ముమ్మిడివరం కోడలు:
నా పేచీ వేరేనండి. పాతది మంచి, కొత్తది చెడ్డ అన్నట్టు చూపిస్తే మన డెల్టాకి అతకదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవలొచ్చాకే కదా ఇంత వరి! మనం సంప్రదాయం అనుకునే ఈ పచ్చదనం కూడా ఇంజనీర్లు తెచ్చిందే.

నష్టం లేదనను. మా చేలో హార్వెస్టర్ దిగితే కోత, నూర్పు పూటలో అయిపోతున్నాయి. కానీ వెనక పడిన గడ్డి నలిగి తునకలైపోతుంది, మా గేదె మూతి పెట్టి వదిలేస్తుంది. కోతలకొచ్చే ఆడవాళ్లు ఇప్పుడు రావడం లేదు. రాని మనిషిని మాటల్లేకుండా ఎలా చూపిస్తారు?

పాలకొల్లు మాస్టారు:
ఆ గేదెని చూపిస్తే చాలమ్మా. రాజోలు తమ్ముడూ, అమ్మగారికి చూపించావా?

రాజోలు కుర్రాడు:
ఇవాళ మధ్యాహ్నం ఆ గని సీను పెట్టాను మాస్టారూ. పడిపోయినవాణ్ణి మోసుకెళ్తుంటే కుర్చీ ముందుకి లాక్కుని చూసింది. అది మీ మాటకే బలం, ఒప్పుకుంటాను. సీను అయ్యాక “వీళ్లకి రోజుకెంతిస్తార్రా?” అంది. సినిమా అంతా మళ్లీ చూశాను, ఎక్కడా లేదు.