రాత్రి హైవే మీద ఆగి ఉన్న ట్రాక్టరును మా కారు ఎందుకు గుర్తించలేదు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. గత వారం రాత్రి విజయవాడ వెళ్తూ, సూర్యాపేట దాటాక అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్‌ను (ముందున్న వాహనాన్ని బట్టి కారు వేగాన్ని తానే సర్దుకునే ఏర్పాటు) గంటకు 90 కిలోమీటర్ల వద్ద ఉంచాను. వెనుక దీపం గానీ రిఫ్లెక్టరు గానీ లేని వరిగడ్డి ట్రాక్టరు ఒకటి రోడ్డు మీదే ఆగి ఉంది. ముందున్న కారు చటుక్కున పక్కకు తప్పుకోగానే, మా కారు వేగం తగ్గించకపోగా ఇంకా పెంచింది. బ్రేకు నేనే తొక్కాను. ట్రాలీ నుంచి వేలాడుతున్న గడ్డిపోచలు బానెట్‌కు తగిలేంత దగ్గరలో ఆగాం. వెనుక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. ఇది కారు లోపమా, నా పొరపాటా?

జవాబు 1:
మీరు క్షేమంగా ఉన్నారు, అది చాలండి. ముందున్నవాటిని రేడియో తరంగాలతో పసిగట్టే కారు రాడారుకు వంతెనలు, సూచిక బోర్డులు, డివైడర్లు కూడా తగులుతూనే ఉంటాయి. వాటన్నిటికీ బ్రేకు వేస్తే ప్రయాణమే సాగదు కనుక, చాలా వ్యవస్థలు కదలని వస్తువులకు తక్కువ ప్రాధాన్యం ఇస్తాయి. ముందు కారు తప్పుకోగానే దారి ఖాళీ అయిందనుకుని, మీరు పెట్టిన వేగాన్ని అందుకోబోయి ఉంటుంది. ఆకారాన్ని బట్టి పోల్చుకునే కెమెరాకు చీకట్లో గడ్డిమోపు వాహనంలా కనబడకపోవచ్చు. కారు తనంతట తాను ఎంతవరకు నడవగలదో చెప్పడానికి ఎస్‌ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంస్థ నిర్ణయించిన 0 నుంచి 5 స్థాయిలలో, క్రూయిజ్ ఒక్కటే వాడితే ఇది 1వ స్థాయి. ఇందులో రోడ్డును గమనించే బాధ్యత పూర్తిగా డ్రైవరుదే.

జవాబు 2:
2018 మార్చిలో అమెరికాలోని టెంపీలో, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళ తనంతట తాను నడిచే ఊబర్ ప్రయోగాత్మక కారు ఢీకొని మరణించారు. 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆమెను పసిగట్టినా, వాహనమని ఒకసారి, సైకిలని ఒకసారి మార్చి మార్చి పోల్చుకున్నాయని దర్యాప్తులో తేలింది. సీట్లో ఉన్న ఆపరేటరు రోడ్డు వైపు చూడలేదు. మీరు చూస్తున్నారు కాబట్టే మీ అమ్మాయి క్షేమంగా ఇల్లు చేరింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. రాత్రిపూట ఇక క్రూయిజ్ వాడను.