అనంతపురంలో నర్సింగ్ హోమ్‌కి సర్వర్ ర్యాక్ వస్తోంది, గదిలో ముందు ఏం చేయించాలి?

సాయినగర్ తమ్ముడు:
అన్నలారా, అనంతపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో నెట్‌వర్క్ చూసుకుంటాను. వచ్చే నెల 42యూ ర్యాక్ (పరికరాలు బిగించే ఇనుప బీరువా, యూ అంటే దాని ఎత్తు కొలత) వస్తోంది. సర్వర్, మూడు 24 పోర్టుల స్విచ్‌లు, కెమెరాల రికార్డర్, 3 కేవీఏ యూపీఎస్ అన్నీ అందులోకే. గది రెండో అంతస్తులో, 10 అడుగుల పొడవు, 8 వెడల్పు. పైన మిద్దె. ర్యాక్‌ని గోడకి ఆనించి, సరిగ్గా దాని మీదే ఏసీ బిగిద్దామని మేనేజర్ గారు అంటున్నారు. సైట్ రెడీ అయితేనే సామాను దింపుతామని సప్లయర్ పట్టు. మొదట దేని సంగతి చూడాలి?

ఎర్త్ పిట్ అన్న:
తమ్ముడూ, మొదట ఎర్తింగ్, అంటే లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి. ఏసీ, పెయింటు, టైల్స్ అన్నీ ఆ తర్వాతే. మన నేలలో తడి తక్కువ. వానలు పడ్డాక టెస్టర్‌తో చూస్తే బ్రహ్మాండంగా కనిపించే ఎర్త్ గుంతే (పిట్) మే నెలలో చేతులెత్తేస్తుంది. అందుకే ఎండాకాలం రీడింగ్‌నే నమ్ము. పిట్ నిరోధం 5 ఓంల లోపు ఉండాలి, 1 ఓం దగ్గరికి వస్తే ఇంకా మంచిది. బొగ్గు, ఉప్పు పోసిన పైపు పిట్ అయితే గరాటు మూసుకుపోకుండా చూసి, ఎండల్లో నీళ్లు పోయించే పని ఎవరికైనా ఒకరికి అప్పగించు. యూపీఎస్ కోసం కొత్త పిట్ తవ్వించినా దాన్ని బిల్డింగ్ పాత ఎర్త్‌తో కలిపించు. విడిగా వదిలేస్తే పిడుగు పడినప్పుడు ఆ రెంటి మధ్య వోల్టేజీ తేడా వచ్చి పరికరాలు పోతాయి.

ర్యాక్ వచ్చాక ఎర్త్ వైరు బిగించే చోట పెయింటు గీకించు. పెయింటు మీదే లగ్ (వైరు చివరి లోహపు కొస) పెట్టి బోల్టు తిప్పేస్తారు, చూడ్డానికి ఎర్త్ ఉన్నట్టే ఉంటుంది, కరెంటుకి దారి మాత్రం ఉండదు. పళ్ల వాషర్ వేస్తే ఇనుముని కరిచి పట్టుకుంటుంది. ర్యాక్ తలుపులకి కూడా విడిగా ఎర్త్ వైరు ఉండాలి, కీలుని నమ్మొద్దు.

గోడకి ఆనించడం అస్సలు వద్దు. ర్యాక్ లోతు 1000 మిల్లీమీటర్లు అయితే మూడుంబావు అడుగులు. నీ పదడుగుల్లో ముందు మూడున్నర వదిలినా వెనక మూడు దాకా మిగులుతుంది. సర్వర్‌ని పట్టాల మీద బయటికి లాగాలంటే ముందు ఆ చోటు కావాలి, వైర్లు పెట్టాలంటే వెనక మనిషి నిలబడాలి. ఏసీని ర్యాక్ మీద కాకుండా పక్క గోడకి పెట్టించు. డ్రైన్ పైపు మూసుకుపోయిన రోజు ఆ నీళ్లన్నీ సర్వర్ మీదే పడతాయి. నీ సామాను 2 కిలోవాట్లు తిన్నా వచ్చే వేడి గంటకి 7 వేల బీటీయూ (వేడి కొలత) లోపే, లెక్కకి ఒక టన్ను ఏసీ సరిపోవాలి. కానీ మిద్దె వేడి కూడా ఉంది కదా, టన్నున్నర తీసుకో. కరెంటు పోయి వస్తే దానంతటదే ఆన్ అయ్యే మోడల్ అయి ఉండాలి. లేకపోతే ఏసీ ఆగిపోయే ఉంటుంది, సర్వర్ మాత్రం రాత్రంతా నడుస్తూనే ఉంటుంది, గది ఉడికిపోతుంది.

ఈ రోజే ఒక పని చెయ్యి. ర్యాక్‌కి ఇచ్చే ప్లగ్ పాయింట్లో న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి ఎంత చూపిస్తోందో చెప్పు. సప్లయర్లు మామూలుగా 2 వోల్టుల లోపు అడుగుతారు.

కొండారెడ్డి బురుజు:
కర్నూలు నుంచి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చాక నేను కింది అంతస్తులో ర్యాక్ పెట్టనివ్వను, మీది రెండో అంతస్తు కాబట్టి ఆ భయం లేదు. కానీ మెట్ల మలుపు కొలిచారా? 42యూ అంటే దాదాపు రెండు మీటర్ల ఎత్తు. యూపీఎస్, బ్యాటరీలు అడుగున పెట్టండి, వేడి పైకి చేరుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది.

సాయినగర్ తమ్ముడు:
అన్నా, మామూలుగా 3 వోల్టులు. కింద ఆటోక్లేవ్ (ఆవిరితో పరికరాలు శుభ్రం చేసే యంత్రం) ఆన్ చేస్తే 11! మెయిన్ బోర్డు దగ్గర మాత్రం ఒకటిన్నర దాటడం లేదు.

ఎర్త్ పిట్ అన్న:
అయితే తప్పు పిట్‌ది కాదు, న్యూట్రల్ వైరుది. ఆటోక్లేవ్, నీ గది ఒకే న్యూట్రల్ మీద ఉన్నట్టున్నాయి, మధ్యలో జాయింట్ కూడా లూజై ఉండొచ్చు. ర్యాక్‌కి మెయిన్ బోర్డు నుంచి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ విడిగా లాగించి, దానికంటూ ఒక ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించు. అది అయ్యాక ఆటోక్లేవ్ నడుస్తుండగానే మళ్లీ కొలువు. 2 లోపు వస్తేనే సామాను దింపమని చెప్పు.